మెడ పట్టిన మర్యాద

ఆ రోజు పొద్దున్న గ్లోబు మాస్టారి పథకం చాలా చిన్నది. లేవాలి, గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, బడికి వెళ్ళి తెర ముందు కూర్చుని సముద్రాల అవతలి పిల్లలకు నదుల గురించి పాఠం చెప్పాలి. పాఠం సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తానని ప్రిన్సిపాల్ మేడమ్ మాటిచ్చింది. ఆ బడిలో తాత్కాలికంగా చేరిన రోజున ఆయనకు జుట్టు ఉండేది. ఉద్యోగం తాత్కాలికంగానే ఉంది. జుట్టు శాశ్వతంగా పోయింది.

లేవడం దగ్గరే పథకం ఆగిపోయింది. తెర మీద మొగుడి మొహం ఉబ్బినట్టు కనపడకూడదని భార్య రాత్రి కొత్త దిండు వేసింది. అది దిండు కాదు, దిమ్మ. తెల్లారేసరికి మాస్టారి తల ఎడమ భుజం మీదికి ఒరిగి, అక్కడే స్థిరపడింది.

"ఏమండీ, ఇటు చూడండి."

"చూడలేను."

"నా మొహం చూడక ఎన్నేళ్ళయిందో! ఇవాళ కొత్తగా చెబుతారేంటి?"

"మెడ పట్టేసిందే!"

"ఎటు? అటా, ఇటా?"

"ఎటైతే నీకేం?"

"ఇటు పట్టేసుంటే ఈ జన్మలో ఒక్కసారైనా వంటింటి వైపు చూసేవారు కదా అని."

అంటూనే ఆమె గుడ్డ వేడి చేసి తెచ్చింది. కాపడం పెట్టే మనిషి ఇంట్లో ఉన్నంతకాలం మగవాడు దాన్ని కాపడం అనుకోడు, చాదస్తం అనుకుంటాడు. మాస్టారు విసుక్కున్నాడు. మెడ కదల్లేదు.

ఇంతలో బావమరిది బండి మీద వచ్చాడు. అతను అదే బడిలో ఆటల మాస్టారు. రోజూ బావను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళతాడు.

"ఏంటి బావా, మా అక్క మాట వినలేక ఆ చెవి మూసేశావా?"

"నోరు మూసుకుని బండి తియ్యరా."

"ఒక్కసారి టక్కున తిప్పేస్తా. మా ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి ఇలాగే చేస్తాను."

"వాళ్ళిప్పుడెలా ఉన్నారు?"

"ఆట మానేశారు."

మాస్టారు ఒరిగిన తలతోనే బండెక్కాడు.

ఆ బడి పేరులో 'గ్లోబల్' అనే మాట ఈ మధ్యే చేరింది. గోడలు అవే, బెంచీలు అవే, టీచర్ల విసుగూ అదే. బోర్డు మాత్రం వెడల్పయింది. ఎదురుగా 'ఇంటర్నేషనల్' అనే మాటతో ఇంకో బడి వెలిసిన నాటి నుంచి ప్రిన్సిపాల్ మేడమ్‌కు కంటి మీద కునుకు లేదు. ఒక హోటల్ హాల్లో సాంస్కృతిక వైవిధ్యం మీద శిక్షణ కూడా పొంది వచ్చింది. ఎదుటివారి ఆచారానికి కారణం అడగకూడదు, చూసిన వెంటనే పాటించాలి. ఆ శిక్షణలోంచి ఆమెకు గుర్తున్నది ఇంతే.

తెర వెలిగే సమయానికి ఆమె గేటు దగ్గర ఎవరో తండ్రిని బుజ్జగిస్తోంది. గదిలో మాస్టారూ పిల్లలూ మాత్రమే ఉన్నారు. తెర మీద శుభ్రమైన తరగతి గది, బుద్ధిగా కూర్చున్న పిల్లలు, పక్కన వాళ్ళ టీచరు కనిపించారు. ఆవిడ మాస్టారిని చూసింది. తల ఎడమ భుజానికి ఒరిగి ఉంది. నొప్పి వల్ల మొహం నవ్వుతున్నట్టుంది. ఆవిడ వెనక్కి తిరిగి పిల్లలతో ఏదో గుసగుసలాడింది. తరగతి తరగతంతా తలలు ఎడమకు వాల్చింది. ఆవిడ కూడా వాల్చింది. ఆవిడా అలాంటి శిక్షణకే వెళ్ళి వచ్చింది. ఇదివరకు ఏ దేశం తప్పు ఆ దేశమే చేసుకునేది. ఇప్పుడు అన్ని దేశాలూ కలిసి ఒకే తప్పు చేస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ మేడమ్ లోపలికి వచ్చింది. ఆమె కళ్ళు ముందు తెర మీద పడ్డాయి.

"అబ్బ! ఎంత బాగుందండీ వాళ్ళ పలకరింపు! పిల్లలూ, చూస్తూ కూర్చున్నారేంటి? వంచండి తలలు! ఎడమకి, ఎడమకి!"

"మేడమ్, అది వాళ్ళ పలకరింపు కాదు. నాకు మెడ పట్టేసింది. నన్ను చూసి వాళ్ళు..."

"మీకు పట్టేసింది, సరే. వాళ్ళందరికీ కూడా ఒకేసారి పట్టేసిందా?"

తర్కం గట్టిది. మాస్టారి దగ్గర జవాబు ఉంది గానీ, చెప్పడానికి ఆమె వైపు తల తిరగలేదు.

ఇటు పిల్లలు వంగారు. అది చూసి అటువాళ్ళు తమ మర్యాదలో లోటు జరిగిందనుకుని ఇంకాస్త వంగారు. ఇటువాళ్ళు తగ్గలేదు. చివరి బెంచీ అంచున కూర్చున్న పిల్లవాడొకడు జారి కింద పడ్డాడు. వెంటనే అవతలి తరగతిలో ఒకమ్మాయి ఎంతో గౌరవంగా కింద పడింది.

పాఠం ఆ భంగిమలోనే సాగింది. ఆ రోజు నదులన్నీ పై నుంచి కిందికి కాకుండా పక్కకు పారాయి. చివర్లో అవతలి టీచరు, ఇరువైపులా ఎవరికీ సొంతం కాని ఇంగ్లీషులో, తాము స్వయంగా ఈ బడికి వస్తామంది. తమ సంస్థ అధ్యక్షుడు కూడా వస్తాడట. వచ్చి శాశ్వత స్నేహ ఒప్పందం మీద సంతకం పెడతాడట.

"మేడమ్, మరి నా పర్మనెంట్ సంగతి?" అన్నాడు మాస్టారు తెర ఆరగానే.

"ఆయన సంతకం పెట్టిన రోజే మీదీ అవుతుంది. ఈలోగా ఆ పలకరింపు ఎవరూ మర్చిపోకుండా చూసుకోండి."

వారం తిరక్కుండానే మాస్టారి మెడ బాగుపడింది. ఆయన సంతోషంగా నిటారుగా బడికి వెళ్ళాడు. మైదానంలో బడంతా ఎడమకు ఒరిగి వరుసలో నిలబడి ఉంది.

"ఏంటి మాస్టారూ ఆ నిలబడటం?" అంది ప్రిన్సిపాల్ మేడమ్.

"తగ్గిపోయింది మేడమ్."

"ఏం తగ్గింది? మర్యాదా?"

"నొప్పి మేడమ్."

"మర్యాదకి నొప్పేంటండీ? అందరికంటే ముందు పాటించిన మనిషి మీరు. మీరే కర్రలా తిరిగితే పిల్లలకేం నేర్పుతారు? పర్మనెంట్ కావాలా, అక్కర్లేదా?"

మాస్టారు తల వంచాడు. ఎడమకే.

ఇంట్లో భార్యకు ఇది మింగుడుపడలేదు.

"నొప్పి పోయింది కదండీ, ఇంకా ఎందుకలా?"

"పర్మనెంట్ కోసమే."

"నొప్పి ఉన్నన్నాళ్ళూ మెడ నిలబడట్లేదని ఏడ్చారు. నిలబడ్డాక వంచుకుని ఏడుస్తున్నారు. చదువుకున్నవాళ్ళతో కాపురం ఇంతే."

తర్వాత సంగతి మాస్టారి చేతుల్లో లేకుండా పోయింది. తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడ లేచి, "మా అమ్మాయికి కుడి పక్కకి వంచడం అలవాటండీ. ఎడమకే వంచమంటే అది వివక్ష కాదా?" అని నిలదీసింది. వివక్ష అనే మాట వింటే ప్రిన్సిపాల్ మేడమ్ పాముని తొక్కినట్టు ఉలిక్కిపడుతుంది. కుడికి కూడా అనుమతి ఇచ్చేసింది. మర్నాడు పొద్దున్న వరుసలో కుడికి వంగినవాడి తలా ఎడమకు వంగినవాడి తలా ఢీకొని, మైదానమంతా డబ్బాలో గోళీలు ఊపినట్టు చప్పుడైంది. ఆటల మాస్టారు ఎడమవాళ్ళను ఒక పక్కకూ కుడివాళ్ళను ఇంకో పక్కకూ విడదీశాడు. ఆపైన రెండు పక్షాలవాళ్ళూ మాట్లాడుకోవడం మానేశారు. సాంస్కృతిక వైవిధ్యం ఆ బడిలోకి నిజంగా ప్రవేశించింది అప్పుడే.

రెండు పక్కలకీ వంచడం నేర్పబడునని ఎదురు బడి బ్యానరు కట్టింది. వీధి చివరి కళ్ళజోళ్ళ దుకాణంవాడు అద్దాలు జారకుండా తాళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా ఒరిగిన తలతోనే ఉద్యోగం చేస్తూ, వచ్చిన ప్రతి బండినీ "సరిగ్గా నిలబెట్టండి, పడిపోయేలా ఉంది" అని కసురుకున్నాడు. ఇంతమందిలో ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. అడగకపోవడాన్నే మర్యాద అంటున్నారు ఈ రోజుల్లో.

విదేశీయులు వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే ప్రిన్సిపాల్ మేడమ్ మాస్టారిని పైనుంచి కిందిదాకా చూసి పెదవి విరిచింది.

"మీ వంపు బాగా తగ్గిపోయింది మాస్టారూ. ఒకటో తరగతి పిల్లలు మీకంటే నయం. అధ్యక్షుడి ముందు చెవి భుజానికి ఆనాలి. ఆనకపోతే పర్మనెంట్ మీద ఆశ వదులుకోండి."

మాస్టారు ఆటల గదికి పరిగెత్తాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరుకుతుందంటారు. ఈయనకు బావమరిది దొరికాడు.

"కాస్త వదులు చెయ్యరా."

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. చెవి భుజానికేంటి బావా, మోచేతికి ఆనేలా చేస్తా." బావమరిది గడ్డం కింద ఒక చెయ్యీ నడినెత్తి మీద ఒక చెయ్యీ వేసి తిప్పాడు. టప్‌మంది. గది మూలనున్న బంతుల్లో ఒకటి తనంతట తాను దొర్లింది.

"ఎలా ఉంది?"

"హాయిగా ఉందిరా. ఇప్పుడు వంచు."

"నువ్వు వంచు బావా, మెడ నీది."

"వంగట్లేదు."

"కుడికి?"

"కుడికీ వంగట్లేదురా!"

"పోనీ వెనక్కి?"

"వెనక్కి వంగి ఏం చెయ్యను? ఆకాశానికి పాఠం చెప్పనా?"

మాస్టారి మెడ గునపంలా నిటారుగా బిగుసుకుపోయింది. బయట కారు హారన్ వినిపించింది.

కారు తలుపులోంచి అధ్యక్షుడు దిగాడు. పొడుగాటి ముసలాయన. తల ఎడమకు వాల్చి దిగబోయి తలుపుకు కొట్టుకుని, వాల్చిన తల వాల్చినట్టే ఉంచి నవ్వాడు. వెనక అవతలి టీచరు కూడా అలాగే దిగింది. మైదానంలో వందల తలలు, సగం ఎడమకూ సగం కుడికీ, గాలికి పడిపోయిన పైరులా ఉన్నాయి. వాటి ముందు ఒక్క తల మాత్రం నిటారుగా ఉంది.

"వంచండి!" అంది ప్రిన్సిపాల్ మేడమ్ పళ్ళ సందులోంచి.

"వంగట్లేదు మేడమ్."

"పొగరా?"

"కాదు మేడమ్. మా బావమరిది."

ఆ బావమరిది వెనక నుంచి నెత్తి మీద చెయ్యి వేసి నొక్కాడు. మెడ వంగలేదు. పాదాల దగ్గర్నుంచి మాస్టారు మొత్తంగా ఒరిగాడు. పడిపోకుండా నడుం పట్టుకుని మళ్ళీ నిలబెట్టాల్సి వచ్చింది. అధ్యక్షుడు నడక ఆపేశాడు. మాస్టారి వంకే చూస్తూ నిలబడ్డాడు. మాస్టారికి తన పర్మనెంట్ ఉద్యోగం గేటు దాటి, వీధి దాటి, ఎదురు బడి గోడ దూకి పారిపోతున్నట్టు కనిపించింది.

అధ్యక్షుడు తన తలను మెల్లగా ఎత్తి నిటారుగా నిలిపాడు. ఎముకల చప్పుడు ముందు వరుసకు వినిపించింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సగం పారవశ్యం వల్ల, సగం మెడ వల్ల.

"ఎన్నో దేశాలు తిరిగాను," అన్నాడాయన. "ప్రతిచోటా వాళ్ళ పద్ధతిలో మమ్మల్ని పలకరించారు. మేమూ నేర్చుకుని పాటించాం. ఇక్కడ ఇంతమంది ఉన్నా, మా పద్ధతిలో మమ్మల్ని పలకరించాలన్న ఆలోచన వచ్చింది ఈయనొక్కడికే."

ప్రిన్సిపాల్ మేడమ్ ఒరిగిన తల ఒరిగినట్టే ఉండిపోయింది. "మీ పద్ధతి అంటే... ఇదా అండీ? నిటారుగానా?"

"అవును. మా దేశంలో అందరం ఇలాగే నిలబడతాం."

మరి ఇన్నాళ్ళూ వంచింది ఎవరి పద్ధతి అన్న ప్రశ్న ఆమె గొంతుదాకా వచ్చింది. కారణం అడగకూడదు కాబట్టి మింగేసింది. అవతలి టీచరు ఆ మైదానంలో కుడికి వంగిన తలలను చూసి తన ప్రశ్న తాను మింగింది. నిజం చెప్పేయాలని మాస్టారు ఒక్కడే నోరు తెరిచాడు.

"అయ్యా, అసలు సంగతేంటంటే, నా మెడ..."

"వద్దు, వివరించకండి," అని అధ్యక్షుడు ఆయన చేతులు పట్టుకున్నాడు. "వివరిస్తే మర్యాద పలచబడుతుంది. మేడమ్, ఒప్పందానికి నాది ఒకటే షరతు. ఈ కార్యక్రమం ఈయన చేతుల్లోనే ఉండాలి. ఈయన మీ దగ్గర పర్మనెంటే కదా?"

"ఎప్పట్నుంచో అండీ!" అంది ప్రిన్సిపాల్ మేడమ్ రెప్ప వేయకుండా. తర్వాత మైదానం వైపు తిరిగి అరిచింది. "పిల్లలూ! చూస్తూ నిలబడ్డారేంటి? నిటారుగా! నిటారుగా!"

మైదానమంతా తలలు లేచాయి. ఒకటో తరగతివాళ్ళకు ఎలా నిలబడాలో గుర్తులేకపోతే టీచర్లు గడ్డాలు పట్టుకుని నిలబెట్టారు. సంతకాలు జరిగాయి. గ్లోబు మాస్టారు శాశ్వతమయ్యాడు, మెడతో సహా.

నిటారుగా నిలబడటాన్ని ఇప్పుడు ఆ బడిలో విదేశీ సంస్కృతి కింద నేర్పుతున్నారు. ఫీజు వేరు.