పాఠంలో లేని జవాబు

ఆ ఉదయం ఎవారిస్తో రెండు నిర్ణయాలు చేసుకుని ఇంట్లోంచి కదిలాడు. ఒకటి, యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు చదివే పిల్లలకు, ఇచ్చిన పాఠం చదివి తప్పు జవాబులు కొట్టేయడం నేర్పాలి. రెండోది, పక్క గదిలో లెక్కలు చెప్పే నెలిదాకు తన మనసులో మాట చెప్పాలి. పెరూ దేశపు అరెకీపా ఊళ్లోని ఆ కోచింగ్ సెంటరులో చేరిన నాటి నుంచీ రోజూ ఆమెకు వేడివేడి మూడు మూలల రొట్టె తెచ్చిస్తున్నాడు. "ఇదుగోండి" అన్న మాట దాటి ముందుకు పోలేదు. ఆదివారం సెంటరు మూసి ఉన్నా, కొనే పని లేకపోయినా, బేకరీ దాకా ఊరికే నడిచి వచ్చేవాడు. ఆ రోజూ "ఇదుగోండి" దగ్గరే ఆగిపోయి, రెండో నిర్ణయాన్ని సాయంత్రానికి వాయిదా వేశాడు.

తరగతిలో ఉదాహరణ కావలసి వచ్చింది. తలలో మరేమీ లేక, ఒకాయన రోజూ ఒకామెకు రొట్టె తెచ్చిస్తాడనీ, ఆమె నవ్వి తీసుకుంటుందనీ బోర్డు మీద రాశాడు. ఎందుకు తెస్తున్నాడు? కింద నాలుగు జవాబులు ఇచ్చాడు: అమ్ముకోవడానికి, ఆమె ఆకలి తీర్చడానికి, ఆమె చేత ఏదో పని చేయించుకోవడానికి, ఆమె మీద ప్రేమతో.

పిల్లలు ముందుగా కొట్టేసింది ప్రేమనే.

"పాఠంలో ఆ మాటే లేదు సార్," అంది ముందు బెంచీ యెసేనియా. "లేనిది ఊహించుకోకూడదని మీరేగా చెప్పారు?"

"కొన్ని చెప్పకుండానే తెలుస్తాయమ్మా," అన్నాడు ఎవారిస్తో నీరసంగా.

అయితే ఇన్నాళ్లూ నేర్పిందంతా తప్పేనా అని వెనక బెంచీలు లేచాయి. గోల విని వచ్చిన డైరెక్టరమ్మ ఓర్తెన్సియా, తప్పు ప్రశ్న సంగతి తల్లిదండ్రులకు తెలిస్తే పరువు పోతుందని కంగారుపడి, తీర్పు చెప్పమని నెలిదాను పిలిపించింది. ఆమె వెనకే ఆమె తరగతంతా వచ్చి గుమ్మంలో గుమిగూడింది. బోర్డు తుడిచేద్దామని ఎవారిస్తో డస్టర్ కోసం వెతికాడు. అది యెసేనియా చేతిలో ఉంది.

నెలిదా నిదానంగా చదివి, ఒక్కొక్కటే కొట్టేసింది. అమ్మకం కాదు, డబ్బు పుచ్చుకోలేదు. ఆకలీ కాదు, ఆమె ఇంట్లో తినే వస్తుంది.

"అది పాఠంలో లేదు కదా మేడమ్," అంది యెసేనియా.

"నాకు తెలుసులే," అంది నెలిదా. పని కోసమూ కాదు, ఇంతవరకూ అతను ఏదీ అడగనే లేదు.

ప్రేమ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఎవారిస్తో కిటికీలోంచి మిస్తీ కొండను చూస్తూ నిలబడ్డాడు.

"పిల్లలదే రైటు. ఇదీ పాఠంలో లేదు," అని దాన్నీ కొట్టేసింది.

అతని ప్రాణం ఉసూరుమంది. ఆమె సుద్దముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఒక్క వాక్యం తక్కువైందండీ. ఎన్నాళ్లని చూడను? రాయండి."

రాశాడు. అక్షరాలు వంకరపోయినా, గుమ్మంలో వాళ్లకు కూడా కనబడింది.

జవాబు పాఠంలోకే వచ్చేసి మరీ తేలికైపోయిందని ఆ ప్రశ్నను ఓర్తెన్సియా సెంటరు పరీక్షలో పెట్టనివ్వలేదు.