వాకిట్లో గోబర్ గ్యాస్

ప్రతి ఇంటికీ గోబర్ గ్యాస్ ఉండి తీరాలి. అందులోంచి గ్యాస్ వస్తుందా, దాంతో వంట అవుతుందా అనేవి చిల్లర ప్రశ్నలు!

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. చొప్పదండి దగ్గరి ఒక పల్లెలో జైపాల్‌రావు గారి వాకిలి చూసి వచ్చాక నాకు మాత్రం ఈ విషయంలో అనుమానాలు లేవు.

ఆయన భార్య సరళాదేవికి కట్టెల పొయ్యి పొగ పడదు. పొద్దున ఊదుగొట్టం పట్టిందంటే మధ్యాహ్నం దాకా కళ్లు చింతనిప్పులే. కరీంనగర్‌లో కంటి డాక్టరు చుక్కల మందు ఇస్తూ, పొగ మానకపోతే మందు దండగ, చూపు కూడా దక్కదని చెప్పేశాడు. ఆవిడ ఇంటికొచ్చి మొగుణ్ని అడిగింది ఒకే ఒక్కటి.

"గా గోబర్ గ్యాస్ పెట్టియ్యుండ్రి. నా కండ్లు పోయేటట్టున్నయి."

"సూద్దాం తియ్యి," అన్నాడు జైపాల్‌రావు. దొరల ఇంట్లో చూద్దాం అంటే ఏమిటో సరళాదేవికి పెళ్లయిన నాటి నుంచీ తెలుసు.

కానీ దేవుడున్నాడు! పక్క ఊరి బాలకిషన్‌రావు గోబర్ గ్యాస్ పెట్టించాడు. ఆయన వీళ్లకు వరసకు బావ, పంతానికి పాలివాడు. భార్య కళ్లు చేయలేని పని బావగారి గ్యాస్ డ్రమ్ము చేసింది. ఆ వారంలోనే మేస్త్రీలు దిగారు.

వంటిల్లు వెనకవైపు ఉంది గనుక పెరట్లో కట్టిద్దామంది సరళాదేవి. ఎంత అమాయకురాలండీ! పెరట్లో కడితే చూసేదెవరు? బస్సులో పోయేవాళ్లకు కనబడొద్దూ? అందుకని ముందు వాకిట్లోనే గుంత తవ్వించి, పైన పెద్ద ఇనుప డ్రమ్ము బోర్లించి, చిలకపచ్చ రంగు వేయించారు. పేడగుంతను తలవాకిలి ముందు పెట్టుకుని మురిసిన దొర బహుశా జిల్లా మొత్తానికి ఈయనొక్కడే.

ఇక పేడ కావాలి. ఇక్కడే చిన్న తిరకాసు. ట్రాక్టరు కొన్న ఏడు జైపాల్‌రావు కొట్టంలోని ఎడ్లనూ బర్రెలనూ అమ్మేశాడు. ట్రాక్టరు డీజిలు తాగుతుంది, పొగ వదులుతుంది, అవసరమైతే గంటల తరబడి మొరాయిస్తుంది. పశువు చేసే పనులన్నీ చేస్తుంది గానీ, పేడ ఒక్కటి వెయ్యదు!

మరి గ్యాస్ నిండి డ్రమ్ము పైకి లేవద్దూ? లేవకపోతే బావ ముందు తల లేస్తుందా? దొర స్వయంగా ఊళ్లోకి బయలుదేరాడు. రెండు బర్రెలున్న ఆడమనిషిని నిన్నటి దాకా "ఏ రాజీ" అన్న నోటితోనే "రాజక్కా" అన్నాడు. గోబర్ గ్యాస్‌తో పల్లెల్లో సమానత్వం వస్తుందంటే మీరు నమ్మరు!

"రాజక్కా, నీ బర్ల పెండ మా ఇంటికి పంపియ్యరాదూ."

"పెండ నీకిస్తే పిడుకలు దేంతోని జెయ్యాలె దొరా? పొయ్యిల నా కాళ్లు బెట్టుకోవాల్నా?"

"మా కొట్టంల ఎండిన తుమ్మకట్టె ఉన్నది. ఎంత గావాల్నో మోసుకపో."

రాజక్క వద్దంటుందా? ఆమెను చూసి వాడకట్టంతా వచ్చింది. ఊరి పేడంతా దొర వాకిట్లోకి, దొర ఎండుకట్టెలన్నీ ఊళ్లోకి! రాజక్క పొయ్యి పొగలేకుండా భగభగ మండింది. సరళాదేవి పొయ్యిలోకి మాత్రం అప్పుడే కొట్టుకొచ్చిన పచ్చికట్టె వచ్చింది. ఉన్న పొగకు ఇంకో ఇంత పొగ తోడైంది.

చివరికి డ్రమ్ము లేచింది! జైపాల్‌రావు దాని చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. పైపు తీసుకెళ్లి హాల్లో గ్యాస్ దీపానికి తగిలించాడు.

"మరి వంటర్రకు?" అడిగింది సరళాదేవి.

"మన గ్యాస్ సూడనీకి సర్కారు ఆఫీసరొస్తుండు. ఆయన పోయినంక గుంజిపిస్త. జర సబర్ జెయ్యి."

ఆఫీసరు వచ్చాడు. పట్టపగలు దీపం వెలిగించి చూపించారు. చాయ్ వచ్చింది. "ఆహా, గ్యాస్ మీద కాచిన చాయ్ రుచే వేరు!" అన్నాడాయన. వెనకాల పచ్చికట్టె పొగలో అది కాచిన మనిషి పైట కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. వెళ్లి చూడొచ్చు కదా అంటారేమో. పరాయి మగవాడు దొరల వంటింటి గడప తొక్కుతాడా? ఆ మాటకొస్తే జైపాల్‌రావే ఆ గడప తొక్కి ఎన్నేళ్లయిందో! ఆఫీసరు మర్యాదస్తుడు. పొగలేని ఆదర్శ వంటిల్లు అని కుర్చీలోంచి లేవకుండానే మెచ్చుకుని వెళ్లాడు.

ఆ తర్వాత దీపం చూడటానికి చుట్టాలొచ్చారు, చుట్టాల చుట్టాలొచ్చారు. పైపు హాలు దాటలేదు. ఒకరోజు అన్నంలో రాయి తగిలి జైపాల్‌రావు కంచం నెట్టేశాడు.

"కండ్లు కనబడ్తలేవా?"

"కనబడ్తలేవు," అంది సరళాదేవి. "బియ్యంల రాళ్లు కనబడ్తలేవు. చెప్తనే ఉన్న గద."

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. ఆయన మాత్రం, బాలకిషన్‌రావు బావ కూడా వచ్చి చూసిపోనీ, తర్వాత చూద్దాం అన్నాడు.

బావ వచ్చాడు. హాల్లో కూర్చోబెట్టి దీపం వెలిగించబోతుండగా సరళాదేవి మూడు ఇటుకలు, పచ్చికట్టెలు, అన్నం గిన్నె పట్టుకుని ముందు వైపుకు వచ్చింది. డ్రమ్ముకు దూరంగా, సరిగ్గా హాలు గడప ముందర పొయ్యి పేర్చి, కూర్చుని ఊదడం మొదలుపెట్టింది. గాలి హాలు వైపే ఉంది. బావ దగ్గుతూ కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. బాట మీద పోయేవాళ్లు ఆగారు.

"లోపలికి నడువ్! నలుగురు సూస్తుండ్రు," అన్నాడు జైపాల్‌రావు.

"సూడనియ్యుండ్రి. నలుగురు సూసే కాడికే గద మనింట్ల గ్యాస్ వచ్చేది."

ఆవిడ ఇంకోసారి ఊదింది. జైపాల్‌రావు కళ్లవెంట నీళ్లు ధార కట్టాయి. తన ఇంటి పొయ్యి పొగ ఎట్లా ఉంటుందో ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు తెలిసింది అప్పుడే. సాయంత్రానికల్లా పైపు వంటింటికి చేరింది.

కాబట్టి కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు నా సలహా. డ్రమ్ము మీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకోండి. పొయ్యి మాత్రం మగవాళ్లు కూర్చునే చోట పెట్టండి. గ్యాస్ దానంతటదే వెతుక్కుంటూ వస్తుంది!