వేలిముద్రలకు విశ్రాంతి

తొమ్మిదీ నలభైకి వీసా ఆఫీసులో పని మొదలైతే పదిన్నరకల్లా బయటపడి, పదకొండింటికి ల్యాబుకి చేరుకోవచ్చని ఆ ఉదయం మెరుగమ్మ అనుకుంది. మధ్యాహ్నంలోగా రెండు కట్టుడు పళ్ళ సెట్లు నునుపు చేసి డాక్టరుకి పంపాలి. ఎనిమిదేళ్ళుగా ఒక పరాయి దేశంలో ఆవిడ చేస్తున్న పని అదే. పళ్ళకి మెరుగు పెడుతుంది కాబట్టి మెరుగమ్మ అని భర్త పేరు పెట్టాడు. దానికి బదులుగా ఆవిడ ఆయనకి పెట్టిన పేరు లాపాయింటు.

లాపాయింటు వచ్చింది భార్య వీసా మీద. అందులో ‘పని చేయరాదు’ అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. ఉద్యోగం గురించి ప్రభుత్వం రాసిన ఆ రెండు మాటల్నీ ఆయన అంట్లకీ, బట్టలకీ, ఉల్లిపాయలకీ కూడా వర్తింపజేసుకున్నాడు. “నేనేమన్నా కావాలని కూర్చున్నానా? చట్టం ఒప్పుకోదు” అనేవాడు. పాపని బడికి దింపడం, వీసా రూల్సు చదవడం మాత్రమే ఆయన శాఖలు. మొదటిది అప్పుడప్పుడూ మర్చిపోయేవాడు గానీ రెండోది ఒక్కరోజు కూడా మానలేదు.

ఈ ఏడాది రూల్సు బిగించారు. ఇదివరకు ఫోటో, సంతకం ఉంటే వీసా పొడిగించేవారు. ఇప్పుడు పది వేళ్ళ ముద్రలు కూడా ఇవ్వాలి.

“అదెంతసేపు? వేలు పెట్టడం, తియ్యడం” అన్నాడు లాపాయింటు బస్సులో.

కిటికీ వెనక ఉన్న అధికారిణి కళ్ళజోడు సర్దుకుని, చిన్న గాజు పలక మీద కుడి బొటనవేలు పెట్టమంది. మెరుగమ్మ పెట్టింది. ఎర్ర గీత పడింది. తుడుచుకుని పెట్టింది. మళ్ళీ ఎర్ర గీతే. పది వేళ్ళూ అయ్యేసరికి వెనక క్యూలో ఇద్దరు గొంతు సవరించుకున్నారు.

“మీరేం పని చేస్తారు?” అంది అధికారిణి.

“కట్టుడు పళ్ళు అరగదీస్తానండీ.”

“వాటితో పాటు వేళ్ళు కూడా అరగదీసేసుకున్నారు.”

మెరుగమ్మ తన వేళ్ళు వెలుగులో పెట్టి చూసుకుంది. ఎనిమిదేళ్ళ గరుకు కాగితం, సున్నపు పొడి, గిర్రున తిరిగే బ్రష్షు కలిసి వాటిని తను చేసే పళ్ళకన్నా నున్నగా తయారుచేశాయి.

అధికారిణి ఒక అచ్చు కాగితం ఇచ్చింది. పది రోజులు చేతులకి పూర్తి విశ్రాంతి. దుమ్ము, సబ్బు, వేడి గిన్నెలు, ఉల్లిపాయ, నిమ్మకాయ ముట్టరాదు. రోజుకి మూడుసార్లు క్రీము రాయాలి. పదకొండో రోజున మళ్ళీ రావాలి. ఆ మర్నాటితో వీసా గడువు అయిపోతుంది.

“అప్పుడు కూడా ముద్ర పడకపోతే?”

“దేశం వదిలి వెళ్ళి, అక్కణ్ణించి మొదటి నుంచి అప్లై చేసుకోవాలి. ఏడాది పైనే పడుతోంది. మీ వీసా ఉంటేనే మీవారికి వీసా కాబట్టి, ఆయన ముద్రలు కూడా మీరు మళ్ళీ వచ్చినప్పుడే తీసుకుంటాం.”

తిరుగు బస్సులో మెరుగమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పాప నాలుగో తరగతి సగంలో ఉంది. అద్దె ఒప్పందం మొన్ననే మళ్ళీ రాశారు. ఎనిమిదేళ్ళ సంసారం పది వేళ్ళ గీతల మీద నిలబడి ఉందని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

ల్యాబు నడిపే పెద్దాయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. “నీ చేతులకి విశ్రాంతి అంటే నా ల్యాబు మూతే కదా” అన్నాడు. మంచివాడే కాబట్టి ఆవిడని ఫోన్ల దగ్గరా, ప్యాకింగు దగ్గరా కూర్చోబెట్టాడు. చేతులకి క్రీము, దాని మీద తెల్ల గుడ్డ గ్లవ్స్. మూడో రోజుకి ఆ క్రీము గ్లవ్స్ దాటి, పెట్టెల మీద అతికించే పేర్ల కాగితాల దాకా వెళ్ళింది. సిరా చెదిరిపోయింది. రిపేరుకి వచ్చిన రెండు సెట్లలో రిటైరైన జడ్జిగారిది సంగీతం మేష్టారికీ, మేష్టారిది జడ్జిగారికీ వెళ్ళిపోయాయి. సాయంత్రం ఎవరో ఫోన్ చేసి పావుగంట మాట్లాడారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అలా అర్థం కాకుండా మాట్లాడటమే ఆయన ఫిర్యాదని తర్వాత తెలిసింది.

“నువ్వు సెలవు పెట్టుకోమ్మా” అన్నాడు పెద్దాయన.

కొత్త రూల్సులో ఇంకొకటి ఉంది. విదేశీ ఉద్యోగి రెండు రోజులకి మించి సెలవు పెడితే యజమాని వీసా ఆఫీసుకి తెలియజేయాలి. పెద్దాయన నిజాయితీపరుడు. ‘చేతులు పనికిరాక సెలవులో ఉంది’ అని రాసి పంపాడు. మర్నాడు పొద్దున్నే మెరుగమ్మకి మెయిలొచ్చింది. చేతులు పనిచేయనివారికి పని వీసా పొడిగించడం సాధ్యం కాదు, మూడు రోజుల్లో డాక్టరు సర్టిఫికెట్టు పంపవలసింది.

“నన్ను చేతులు కదపొద్దన్నదీ వాళ్ళే, కదపడం లేదేమని అడిగేదీ వాళ్ళే” అంది మెరుగమ్మ.

“లా ప్రకారం రెండూ కరెక్టే” అన్నాడు లాపాయింటు. ఆవిడ చూసిన చూపుకి మిగతాది మింగేశాడు.

డాక్టరు చేతులు చూసి, “ఏమిటి బాధ?” అన్నాడు.

“బాధేం లేదండీ.”

“మరి ఈ గ్లవ్స్ ఎందుకు?”

“వేలిముద్రల కోసమండీ.”

డాక్టరు కలం పక్కన పెట్టి ఆవిడని ఎగాదిగా చూశాడు. గ్లవ్స్ వేసుకుని వేలిముద్రల సంగతి మాట్లాడేవాళ్ళు ఆయనకి ఇంతవరకూ తగల్లేదు. అచ్చు కాగితం చూపించి ఒప్పించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి ‘చేతులు నిక్షేపంగా ఉన్నాయి, ఏ పనైనా చేయగలరు’ అని రాసిచ్చాడు. వీసా ఆఫీసు తృప్తిపడి, దాని నకలొకటి ల్యాబుకి పంపింది.

“ఏ పనైనా చేయగలవట కదా. రేపు వచ్చెయ్” అని పెద్దాయన ఫోన్ చేశాడు.

వెళ్ళి కూర్చోక తప్పలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పదిహేనేళ్ళుగా బ్రష్షు ముట్టని పెద్దాయన పళ్ళు అరగదీస్తుంటే, “అక్కడ కాదండీ, ఇంకాస్త లోపలికి” అని నోటితోనే ఉద్యోగం చేసింది.

ఇంటికొస్తే మళ్ళీ అదే ఉద్యోగం. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. లోపల లాపాయింటు.

“ఏమండీ, మంట తగ్గించండి.”

“తగ్గించాను.”

“అది పక్క పొయ్యి.”

మొదటి రోజు ఒక గిన్నె మాడింది. రెండో రోజు రెండు మాడాయి. ఆయన వాటిని స్టీలు పీచుతో గంటసేపు తోమేవాడు. ఇంట్లో ఉన్న రబ్బరు గ్లవ్స్ ఆవిడ కొలతవి, ఆయన వేలి కణుపు కూడా దాటవు. నాలుగో రోజున అంగట్లో ఎవరో చెప్పారని మాడు వదిలించే మందు సీసా ఒకటి తెచ్చాడు. ప్రభుత్వం రాసే ప్రతి అక్షరాన్నీ చదివే మనిషి ఆ సీసా మీద రాసింది మాత్రం చదవలేదు.

“అమ్మా, నాన్న చేసిన కూర తినాలా, చూడాలా?” అని పాప అడిగింది.

“ముందు చూడు” అంది మెరుగమ్మ.

చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి ఆ పది రోజుల్లోనే తెలిసింది. ఉల్లిపాయ ముక్కలు నాలుగు సైజుల్లో పడుతుంటే చేతులు జిలపెట్టేవి. తెల్లచొక్కాలన్నీ లేత గులాబీ రంగులో తయారైన రోజున లేచి బయటికి వెళ్ళి, వీధి చివరి దాకా నడిచి వచ్చింది. తిరిగొచ్చేసరికి లాపాయింటు నడుము పట్టుకుని, తోమిన గిన్నెల ముందు నిలబడి ఉన్నాడు.

“ఇంట్లో రోజూ ఇంత పని ఉంటుందా?” అన్నాడు.

“లేచినప్పట్నించి పడుకునేదాకా ఉంటుందండీ.”

ఆయన గిన్నెలు బోర్లించడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళలో ఆయన లాపాయింటు తియ్యకుండా వదిలేసిన మాట అదొక్కటే. ఆవిడకి కాస్త జాలేసింది. వెళ్ళి సాయం చేద్దామనుకుంది గానీ కాగితం ఒప్పుకోదు.

పదకొండో రోజు మళ్ళీ అదే కిటికీ, అదే అధికారిణి. మెరుగమ్మ గ్లవ్స్ తీసి బొటనవేలు పెట్టింది. ఆకుపచ్చ. చూపుడు వేలు ఆకుపచ్చ. పదో వేలు కూడా ఆకుపచ్చ అయ్యాక ఆవిడ గ్లవ్స్ మడిచి సంచిలో పడేసి పక్కకి జరిగింది.

లాపాయింటు దర్జాగా ముందుకొచ్చి వేలు పెట్టాడు. ఎర్ర గీత.

తుడుచుకుని పెట్టాడు. ఎర్ర గీత. అధికారిణి ఆయన చెయ్యి అందుకుని చూసింది. పీచు, మందు, వేడి నీళ్ళు కలిసి తోలు లేపేశాయి. వేలి కొసలు తెల్లగా, పొరలు పొరలుగా ఉన్నాయి.

“మీరేం పని చేస్తారు?”

లాపాయింటు భార్య వైపు చూశాడు.

రేపటితో గడువు. తనకి వీసా వచ్చి, మొగుణ్ణి దేశం దాటించాల్సి వస్తుందా అని మెరుగమ్మ మళ్ళీ కిటికీ దగ్గరికి జరిగింది. “ఇంకో పది రోజులు గడువు ఇవ్వలేరా అండీ?”

“అక్కర్లేదు. నిన్న రూలు మార్చారు. వంటవాళ్ళు, మేస్త్రీలు, నర్సులు, అందరి వేళ్ళూ ఇలాగే ఉన్నాయి. పని ఇచ్చినవాళ్ళు ఒక ఫారం నింపితే చాలు, ముద్రలు లేకపోయినా ఇచ్చేస్తాం.”

“అయితే నా పది రోజులూ?”

“అవి నిన్నటికి ముందువి” అంది అధికారిణి.

మెరుగమ్మ భర్త వైపు తిరిగింది. “రూల్సు చదవలేదా మీరు?”

“నిన్న దుప్పట్లు ఉతికాను.”

అధికారిణి ఫారం తీసింది. “ఈయనకి పని ఎవరిచ్చారు?”

లాపాయింటు తోలు లేచిన వేలితో భార్యని చూపించాడు. “అయినా నా వీసా మీద పని చేయకూడదు కదండీ” అన్నాడు, ఆఖరి ఆశతో.

“అది ఉద్యోగానికి. ఇంటిపనికి ఆ నిషేధం ఎప్పుడూ లేదు.”

“ఇంకోసారి చెప్పండి” అంది మెరుగమ్మ. అధికారిణి ఇంకోసారి చెప్పింది.

ఫారం మెరుగమ్మ చేతికొచ్చింది. చేసిన పని: వంట, అంట్లు, బట్టలు. ఎంతకాలం: పది రోజులు. కలం ఆగకుండా నడిచింది. ‘పనితీరు’ అన్న గడి దగ్గర మాత్రం కాసేపు ఆలోచించి, ‘నేర్చుకుంటున్నాడు, ఇంకొన్నేళ్ళు కొనసాగించవలెను’ అని రాసి సంతకం పెట్టింది.