పాచి మాత్ర

ఆ రోజు పొద్దున ఏడింటికి పళ్ళ డాక్టరు స్నానాలగది అద్దం ముందు నిలబడి, పేస్టు వేసిన బ్రష్షును మైకులా పట్టుకుని ఉపన్యాసం దంచుతున్నాడు. "పిల్లలూ! రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు..." పదింటికి కూతురి బడిలో పుచ్చుపళ్ళ గురించి మాట్లాడాలి. హెడ్మిస్ట్రెస్‌కు నచ్చితే మూడువందల మంది పిల్లల పళ్ళు పరీక్షించే పని ఏడాదంతా ఆయనదే. క్లినిక్‌లో ఈగలు తోలుకుంటున్న మనిషికి అది చిన్న విషయమేమీ కాదు.

ఆయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. నమిలితే పాచి ఉన్నచోటల్లా పన్ను ఎర్రబడే మాత్ర అది. ఎనిమిదేళ్ల కూతురి చేత వేదిక మీద నమిలించి, తెల్లటి పళ్ళు చూపించి చప్పట్లు కొట్టించుకోవాలని ఆయన ఆశ. సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మదు కాబట్టి ఆ పిల్లను ఇంట్లో జడ్జిగారని పిలుస్తారు. ముందుగా ఒకసారి పరీక్షించుకోమని మాత్ర ఆమె చేతిలో పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్లాడు.

జడ్జిగారు మాత్ర నమిలి వాష్‌బేసిన్‌లో ఉమ్మింది. అదే సమయానికి అటుగా వచ్చిన డాక్టరు అత్తగారు బేసిన్‌లోకి తొంగిచూసి గుండెలు బాదుకుంది.

"అమ్మో, రక్తం! ఎవరే తల్లీ ఇలా చేసింది?"

పిల్ల నోటినిండా ఎర్రటి నురగ. అబద్ధం చెప్పే అలవాటు లేదు కాబట్టి నాన్న గది వైపు వేలు చూపించింది. అత్తగారు ఫోనుకు పరుగెత్తి, అదే బడిలో టీచరుగా పనిచేస్తున్న కూతురికి చెప్పింది. "మీ ఆయన ఉపన్యాసం కోసం పిల్ల పళ్ళు పీకేశాడే!"

ఆ మాట స్టాఫ్‌రూమంతా వినబడింది. మూడో టీచరు దగ్గరికొచ్చేసరికి పీకిన పళ్ళు నాలుగయ్యాయి. అయిదో టీచరు దగ్గర మత్తుమందు కూడా ఇవ్వలేదని తేలింది. డాక్టరు కూతురితో గేటు దగ్గర దిగేసరికి, తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కుంటున్నారు. తన పేరు బాగానే పాకిందని ఆయన మురిసిపోయాడు.

హాల్లో హెడ్మిస్ట్రెస్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఉపన్యాసం సంగతి తర్వాత చూద్దాం డాక్టరుగారూ. ముందు పాప నోరు చూపించండి."

జడ్జిగారు నోరు తెరిచింది. పళ్ళన్నీ తెల్లగానే ఉన్నాయిగానీ పెదాలు, నాలుక ఎర్రగా ఉన్నాయి. ముందు రెండు పళ్ళు లేవు. హాలంతా కెవ్వుమంది.

"అవి పాలపళ్ళు మేడమ్, పోయిన నెలే ఊడాయి!" అని డాక్టరు భార్య మొత్తుకుంది. ఆ గోలలో ఎవరు వింటారు?

డాక్టరు ముందుకొచ్చాడు. ఏడాది పని చేజారిపోయేలా ఉంది. "ఇది ఒట్టి రంగండీ! కావాలంటే చూడండి, నేనే నములుతాను" అని సంచీలోంచి ఇంకో మాత్ర తీసి నోట్లో వేసుకుని కసకసా నమిలి, మూడువందల మందికీ కనబడేలా ఇకిలించాడు.

పై వరస ఎరుపు, కింది వరస ఇంకా ఎరుపు. మొదటి వరసలో ఒక పిల్ల "అమ్మో" అని కళ్ళు మూసుకుంది. అల్లుడి నిర్వాకం చూద్దామని ఆటోలో వెంటపడి వచ్చిన అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జడ్జిగారు తీర్పు చదివింది. "నాన్నా, రాత్రి ఉపన్యాసం రాసుకుంటూ సోఫాలోనే పడుకున్నావు. పొద్దున బ్రష్షును మైకు చేసుకున్నావు. పేస్టు ఇంకా దానిమీదే ఉంది. నువ్వు పళ్ళు తోముకోలేదు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పాచినోటితో పరిశుభ్రత గురించి చెప్పడానికి వచ్చిన పళ్ళ డాక్టరు సంచీ తీసుకుని గుమ్మం వైపు నడిచాడు. కానీ వెళ్లడానికి దారి లేదు. మూడువందల మంది పిల్లలూ ఒకరినొకరు తోసుకుంటూ కుళాయిల వైపు పరుగెత్తుతున్నారు. బ్రష్షులు లేనివాళ్ళు వేళ్ళతోనే తోముకుంటున్నారు.

హెడ్మిస్ట్రెస్ వాళ్ళనే చూస్తూ నిలబడింది. "పదేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కరూ విన్నపాపాన పోలేదు. పని మీదే డాక్టరుగారూ. మా పిల్లల పళ్ళు చూడ్డానికి ప్రతి నెలా మొదటి సోమవారం రండి."

"తప్పకుండా మేడమ్!"

"ఇలాగే రండి. తోముకోకుండా."

ఇప్పుడు నెలనెలా మొదటి సోమవారం పొద్దున్నే ఆ ఇంట్లో డాక్టరుగారి బ్రష్షుకు అత్తగారు కాపలా కాస్తోంది.