మెర్విన్ జెర్సీ, మూడు ఫ్యాన్ల రేడియేటర్

మెర్విన్ టక్‌వెల్ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఈ సంగతి ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ ఊళ్ళో అతనికి తప్ప అందరికీ తెలుసు.

"నా జెర్సీ కనిపించడం లేదు," అన్నాడు ఆ సోమవారం పొద్దున, ఎర్రటి చెవులతో. "ఆ చారల ఫుట్‌బాల్ జెర్సీ. మా జట్టు కప్పు గెలిచిన ఏడాదిది. ధర్మానికి పాత బట్టలు అమ్మే ఆ చారిటీ షాపుకి నువ్వే ఇచ్చేసి ఉంటావు."

భార్య గ్లెనిస్ కీబోర్డు మీంచి తలెత్తలేదు. "నేనా?"

"మరింకెవరు? ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరం. పోనీలే, నేనేం బాధపడటం లేదు. ఇచ్చేశావు, అయిపోయింది."

"సరే, ఇచ్చేశానేమో," అంది గ్లెనిస్.

ఆ క్షణాన ఆ జెర్సీ ఆవిడ మోకాలికి జానెడు దూరంలో ఉంది. కంప్యూటర్ వెనక, వేడిగాలి బయటికి పోయే జల్లెడకి అడ్డంగా కుక్కి ఉంది.

కుక్కింది మెర్వినే. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన ఈ మనిషికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే: కంప్యూటర్‌కి నీళ్ళతో చల్లబరిచే కిట్ బిగించాలి. పక్కవీధి వాజా బిగించాడు. గొట్టాల్లో నీళ్ళు, నీలం లైట్లు. ఆ లైట్లు చూసినప్పటి నుంచి మెర్విన్‌కి తిండి సయించడం లేదు. పోనీ అతను కంప్యూటర్‌లో చేసేదేమైనా ఘనకార్యమా అంటే, చేపలు పట్టే ఆట. అసలు సముద్రం ఇంటికి పది నిమిషాలు. కానీ అక్టోబరులో, వానలకు ముందు ఉక్కలో, ఒడ్డున కూర్చుంటే మనిషి ఉడుకుతాడు. నీళ్ళలో దిగితే, ఉడికిన మనిషి కోసం మొసలి కాచుకుని ఉంటుంది.

ఆరు నెలలుగా అడుగుతున్నాడు. గ్లెనిస్ జవాబు ఒకటే: "ముందు దుమ్ము దులుపు."

దులిపితే చల్లబడుతుంది. చల్లబడితే కిట్ ఎవరు కొననిస్తారు? అందుకని జెర్సీ.

పథకం పారింది. మంగళవారం కంప్యూటర్ రెండుసార్లు ఆరిపోయింది. బుధవారం అయిదుసార్లు. మెర్విన్ ప్రతిసారీ "అయ్యయ్యో" అన్నాడు, ప్రతిసారీ చెవులు ఎర్రబడ్డాయి.

అతను చూసుకోనిది ఒకటుంది. గ్లెనిస్ ఆ వారం టైపు చేస్తున్నది, పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్ దరఖాస్తు. కిందటేడు తుఫానుకి క్లబ్ పైకప్పు ఎగిరిపోయింది. కొత్త కప్పుకి సర్కారు సాయం కావాలంటే శుక్రవారం సాయంత్రం అయిదులోగా దరఖాస్తు పంపాలి. తప్పితే మళ్ళీ మూడేళ్ళకి. మూడేళ్ళు ఆగడానికి ఆ క్లబ్ సభ్యుల్లో సగంమందికి ధైర్యం లేదు, వాళ్ళ వయసు అలాంటిది.

గురువారం ఆరు పేజీలు రాశాక తెర నల్లబడింది. 

"ఆ నీళ్ళ కిట్ తెచ్చి తగలెయ్యి," అంది గ్లెనిస్ చివరికి. "రేపు మధ్యాహ్నానికి ఇది నడవాలి. నడవకపోతే నార్మాకి ఫోన్ చేసి చెప్పేది నువ్వు."

నార్మా క్లబ్ అధ్యక్షురాలు. ఆవిడ ఈతకి దిగితే మొసళ్ళు ఒడ్డెక్కుతాయని ప్రతీతి.

బుద్ధున్నవాడైతే ఆ రాత్రే జెర్సీ లాగేసి ఊరుకునేవాడు. మెర్విన్ చెయ్యి అక్కడి దాకా వెళ్ళింది కూడా. ఇంతలో నీలం లైట్లు గుర్తొచ్చాయి.

శుక్రవారం పొద్దున్నే థియో కలాఫాటిస్ కంప్యూటర్ షాపు తలుపు తట్టాడు.

"ఒక ఫ్యానుదా, రెండు ఫ్యాన్లదా, మూడు ఫ్యాన్లదా?" అడిగాడు థియో.

"ఏది మంచిది?"

"నీ డబ్బాలో పట్టేది మంచిది. లోపల పైభాగం పొడవెంత?"

మెర్విన్ కొలవలేదు. కొలవలేదని చెప్పలేక రెండు చేతులూ చాపి చూపించాడు. యాభై ఏళ్ళుగా తాను పట్టిన బారముండి చేపల పొడవు చూపించిన చేతులవి. అసలు కొలత దగ్గర ఆగడం వాటికి అలవాటు లేదు.

థియో ఆ చేతుల వంక చూశాడు. "నువ్వు చూపించేది కంప్యూటరేనా, చేపా?"

"కంప్యూటరే!"

"అయినా సరే, మూడోవంతు తీసేస్తున్నా. రెండు ఫ్యాన్లది తీసుకో. నిజం చెప్పమంటే నీకు ఒక ఫ్యానుదే ఎక్కువ. ముందు దుమ్ము దులిపి చూశావా?"

"మా ఆవిడ నీకేమైనా ఫోన్ చేసిందా?"

"లేదే."

"వాజా పట్టుకెళ్ళింది ఏది?"

"రెండు ఫ్యాన్లది."

"నాకు మూడు ఫ్యాన్లది ఇవ్వు," అన్నాడు మెర్విన్.

పన్నెండింటికి ఇంట్లో పని మొదలైంది. గ్లెనిస్ వంటింట్లో ఉండగా కంప్యూటర్ డబ్బా ముందుకి లాగి, జెర్సీని ఖాళీ అయిన కిట్ అట్టపెట్టెలో కుక్కి మూత వేశాడు. పాత ఫ్యాను పీకాడు. పంపు బిగించాడు. ఇక గొట్టాల్లో వేడెక్కిన నీళ్ళని ఫ్యాన్లతో చల్లబరిచే రేడియేటర్.

డబ్బా కంటే నాలుగు వేళ్ళు పొడుగు.

నిలువుగా పెట్టాడు. అడ్డంగా పెట్టాడు. ఐమూలగా పెట్టి మోకాలితో నొక్కాడు. రెండున్నర అయింది. వెనక గ్లెనిస్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"పట్టలేదా?"

"పట్టకపోవడం కాదు. బయట ఉంటే గాలి బాగా తగులుతుంది."

"ఫ్యాన్లు తిరగడం లేదేం?"

"తీగలు అందడం లేదు. ఒక్క నిమిషం."

డార్విన్‌లో మగవాడికి ఏ కష్టమొచ్చినా చెయ్యి ముందు ఐసుపెట్టె మీదికి పోతుంది. చేపలకి ఐసు, బీరుకి ఐసు, బెణికిన కాలికి ఐసు. మెర్విన్ పరిగెత్తి రెండు సంచుల ఐసు తెచ్చాడు, పెట్టెలో పోశాడు, రేడియేటర్‌ని పట్టిన చేపలాగే అందులో పడుకోబెట్టాడు. స్విచ్ నొక్కాడు.

నీలం లైట్లు వెలిగాయి. తెర మీద వేడి అంకె దబదబా దిగింది.

"చూశావా? దక్షిణ ధ్రువం!"

"జరుగు," అని గ్లెనిస్ కూర్చుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

మూడున్నర. నాలుగు. గంటకోసారి ఫోన్ చేసే నార్మా ఇప్పుడు పావుగంటకోసారి చేస్తోంది. నాలుగూ ముప్పై అయిదుకి గ్లెనిస్ పంపే మీట నొక్కింది. కప్పు లేని క్లబ్ ఫోటోలు నలభై, ఒక్కొక్కటే పైకి ఎక్కుతున్నాయి. మధ్యలో ఆగితే మొదటి నుంచి నింపాలని తెర మీద ఎర్రటి అక్షరాలు.

"మెర్విన్, ఆ గొట్టాలు ఏడుస్తున్నాయి."

చూశాడు. చల్లటి బీరు సీసా వరండాలోకి తెస్తే ఉక్కకి ఎలా చెమటలు పడతాయో, అలా రెండు గొట్టాలకీ బొట్లు. ఈ ఊళ్ళో ప్రతి సీసాకీ మెత్తటి రబ్బరు చొక్కా తొడిగేది ఆ చెమటకే. యాభై ఏళ్ళు తొడిగాడు. ఇవాళ మరిచిపోయాడు. బొట్లు గొట్టం పట్టుకుని ఒకదాని వెనక ఒకటి, కంప్యూటర్ గుండెకాయ వైపు నడుస్తున్నాయి.

"ఐసు తీసేస్తా!"

"తీస్తే ఉడికి ఆరిపోతుంది."

"అయితే ఉంచుతా!"

"ఉంచితే తడిసి కాలిపోతుంది. ఇంకా ఇరవై రెండు ఫోటోలున్నాయి. ఏదో ఒకటి చుట్టు!"

సీసా చొక్కాలు తెచ్చాడు. వదులై జారిపోయాయి. తువ్వాళ్ళన్నీ కారిన ఐసు నీళ్ళు తుడిచి అప్పటికే ముద్దయ్యాయి. మొదటి బొట్టు గొట్టం చివర వేలాడుతోంది.

"మందంగా, నీళ్ళు పీల్చేది కావాలి," అంటూ గ్లెనిస్ కిట్ అట్టపెట్టె వైపు చెయ్యి చాపింది. "ఇందులో ఏమైనా స్పాంజి ఉందా?"

"అందులో ఏమీ లేదు!"

గ్లెనిస్ పెట్టె వంక చూడలేదు. అతని చెవుల వంక చూసింది. మూత తీసింది.

జెర్సీ. వెనక నడుం దగ్గర గుండ్రంగా దుమ్ము. వలయం లోపల వలయం, కంప్యూటర్ జల్లెడ అచ్చు గుద్దినట్టు దిగి ఉంది. ఆవిడ ఆ ముద్ర చూసింది. జల్లెడ చూసింది. గడియారం చూసింది. నాలుగూ నలభై ఏడు.

"బాగుంది, మందంగా ఉంది," అని కత్తెర తీసింది.

"గ్లెనిస్! ఆగు! అది..."

"ఏది?"

"అది నా..."

"నీ?" కత్తెర జెర్సీ ఎడమ చెయ్యి దగ్గర నోరు తెరుచుకుని ఆగింది. "నీ జెర్సీ నేను చారిటీ షాపుకిచ్చేశాను కదా. సోమవారం నువ్వే చెప్పావు. ఇది కిట్‌తో వచ్చినట్టుంది. థియో మంచివాడు."

  తెర మీద ఇంకా పదిహేను ఫోటోలున్నాయి.

కచక్. ఎడమ చెయ్యి మొదటి గొట్టానికి. కచక్. కుడి చెయ్యి రెండో గొట్టానికి. "గట్టిగా పట్టుకో," అంది. కప్పు గెలిచిన ఏడాదిని రెండు గుప్పిళ్ళతో పట్టుకుని, మెర్విన్ తొమ్మిది నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొట్టు రాలలేదు. నాలుగూ యాభై ఆరుకి దరఖాస్తు అందిందని తెర చెప్పింది.

ఫోన్ మోగింది. "పంపాం నార్మా," అంది గ్లెనిస్. "మెర్విన్ చాలా త్యాగం చేశాడు."

శనివారం గ్లెనిస్ దగ్గరుండి పాత ఫ్యాను బిగింపించింది. ఆ తర్వాత కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆరిపోలేదు. జెర్సీ గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు, అతనూ అడగలేదు.

సోమవారం చారిటీ షాపు అద్దంలో చేతుల్లేని చారల జెర్సీ ఒకటి వేలాడుతోంది. అటూ ఇటూ చూసి మెర్విన్ లోపలికి దూరాడు. గల్లా దగ్గర ఆ రోజు ఉచిత సేవ వంతు నార్మాది.

"అది... వాజా కోసం," అన్నాడు. చెవులు మండుతున్నాయి.

"పదింటికల్లా వస్తావని గ్లెనిస్ చెప్పింది," అంది నార్మా, జెర్సీ మడిచి సంచిలో పెడుతూ. "దుమ్ము దులిపే ఉంచాను."