నాలుగో పాట

ఆ శుక్రవారం పొద్దున కృష్ణప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సింగపూరు తూర్పు కొసన ఉన్న పాసిర్ రిస్‌లో రైలెక్కాలి, మూల సీటు పట్టుకోవాలి, దిగేలోపు ఓర్లా కినెల్లీ ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరస తప్పకుండా వినాలి. లైను అక్కడే మొదలవుతుంది కాబట్టి సీటుకి లోటు లేదు. ఆల్బమ్ ముప్ఫై నాలుగు నిమిషాలు, ఆఫీసుకి ప్రయాణం ముప్ఫై ఆరు. భగవంతుడు ఇంత పొందికగా అమర్చిన సౌకర్యం అతని జీవితంలో ఇంకొకటి లేదు.

ఓర్లా కినెల్లీ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఐర్లండులో ఎక్కడో సముద్రపు ఒడ్డున పుట్టిన కెల్టిక్ జానపద గాయని. పంతొమ్మిదేళ్ళు అన్నదమ్ముల బృందంలో వెనక వరసలో నిలబడి వంత పాడి, నలభై దాటాక ఒక్కతే స్టూడియోకి వెళ్ళి ఈ ఆల్బమ్ చేసింది. డ్రమ్ములు లేవు, గిటార్లు లేవు. ఒక గొంతు, తీగలు మీటే ఒక హార్ప్, అంతే. భాష వాళ్ళ పాతకాలపు భాష. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి కూడా ఒక్క ముక్క అర్థం కాదు. రెండు నెలల కిందట దేవుడి పాటలు అయిపోగానే ఫోను తనంతట తానే దీన్ని అందుకుంది. ఆపుదామని వేలు పెట్టిన కృష్ణప్రసాద్ ఆపలేకపోయాడు.

అందులో ఏముందని అడిగితే అతను చెప్పలేడు. ఆవిడ ఎవరినో మెప్పించాలని పాడదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ తనలో తాను పాడుకునే మనిషిని గోడకి ఇవతల నుంచి విన్నట్టు ఉంటుంది. నాలుగో పాటలో హార్ప్ కూడా ఆగిపోతుంది. ఒకచోట ఆవిడ ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది, తరవాతి చరణాన్ని కాస్త కింది స్థాయిలో ఎత్తుకుంటుంది. సరిగ్గా అక్కడ కృష్ణప్రసాద్‌కి ఏడుపొస్తుంది.

నిజానికి అతను ఏడ్చే రకం కాదు. యాభై రెండేళ్ళ మనిషి, ఒక బ్యాంకులో కంప్యూటర్ వ్యవస్థలు చూసుకుంటాడు. ఆరేళ్ళ కిందట తండ్రి పోయినప్పుడు పన్నెండు రోజులూ వచ్చినవాళ్ళకి విస్తళ్ళు అందాయా, మంచినీళ్ళు అందాయా అని చూసుకుంటూ తిరిగాడు. ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ తీరిక ఇన్నాళ్ళకి భాష తెలియని పాటలో ఒక ఊపిరి దగ్గర దొరికింది. ఈ సంగతి పెళ్ళాంతో చెప్పుకునేంత ధైర్యం అతనికి లేదు.

ఆ రోజూ రైలు బెడోక్ దాటగానే నాలుగో పాట వచ్చింది, వెనకాలే కన్నీళ్ళూ వచ్చాయి. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, హాయిగా ఏడ్చాడు. రెండు తలుపుల అవతల కడ్డీ పట్టుకుని నిలబడ్డ సుభద్రని అతను చూడలేదు.

సుభద్రది అదే బ్లాకు, ఏడో అంతస్తు. పాసిర్ రిస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. ఎవరికి కష్టమొచ్చినా ముందుండే మనిషి, అప్పుడప్పుడు కష్టం కంటే కూడా ముందుంటుంది. సింగపూరులో మన మగవాడు పట్టపగలు రైల్లో ఏడ్చాడంటే కారణాలు రెండే రెండని ఆవిడ లెక్క: ఊరి నుంచి ఫోనన్నా వచ్చి ఉండాలి, హెచ్ఆర్ నుంచి ఫోనన్నా వచ్చి ఉండాలి. రైలు దిగగానే కృష్ణప్రసాద్ భార్య లలితకుమారికి ఫోన్ చేసి, "ఏమ్మా, ఊళ్ళో అందరూ కులాసానా?" అని ఆరా తీసింది. అందరూ కులాసాయే అని లలితకుమారి చెప్పింది. దాంతో ఒక కారణం కొట్టుకుపోయి రెండోది మిగిలింది.

ఉద్యోగపు పాసు మీద బతికే కుటుంబానికి ఆ ఉద్యోగం పోతే నెల రోజులు గడువు, ఆ తరవాత పెట్టెలు సర్దుకోవడమే. కృష్ణప్రసాద్ పాసు రెన్యూవల్ వచ్చే నెలలోనే ఉంది. కూతురు దీక్షిత పదో తరగతి లాంటి ఓ లెవెల్ పరీక్షలకి ఇంకా ఆరు వారాలుంది. ఇవన్నీ తలుచుకుని లలితకుమారి వంటింట్లో స్టూలు మీద కూలబడింది.

"ఆయన నోటితో ఆయన చెప్పేదాకా నువ్వు అడక్కు తల్లీ. మగాళ్ళకి నామోషీ," అని సుభద్ర హితవు చెప్పింది. "ఈలోపు ఆయన సీవీ ఏదన్నా ఉంటే నాకు పంపు. నేను చూసుకుంటాను."

ఆవిడ చూసుకుంది. ఎలా చూసుకుందో కృష్ణప్రసాద్‌కి సాయంత్రం తెలిసింది.

ఏడింటికి ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు పదకొండు జతల చెప్పులు. ఎవరో పోయారనుకుని అతని పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల అడుగుపెట్టగానే హాల్లో మాటలు టక్కున ఆగిపోయాయి. అందరూ అతన్నే చూస్తున్నారు. డైనింగ్ టేబుల్ నిండా పులిహోర, బిర్యానీ, గారెలు. సుభద్ర భర్త ఈశ్వరరావు మాత్రం టై కూడా విప్పకుండా, చెప్పుల స్టాండు పక్క కుర్చీలో, ముట్టని ప్లేటు పట్టుకుని ఉన్నాడు. ఆయన డేటాబేసులు చూసుకునే నెమ్మదైన మనిషి, రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు.

"ఎవరికేమైంది?" అన్నాడు కృష్ణప్రసాద్.

"ఎవరికీ ఏం కాలేదండీ. ముందు మీరు కూర్చోండి," అంటూ లలితకుమారి అతని చేతిలో బ్యాగు అందుకుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ బ్యాగు అందుకోవడం అదే మొదటిసారి. అతనికి చెమటలు పట్టాయి.

సోఫాలో ఒక టిష్యూ ప్యాకెట్టు కనబడితే మొహం తుడుచుకుందామని తీశాడు.

"అది కదపకండి అన్నయ్యగారూ," అంది సుభద్ర. "నేను పెట్టుకున్నది."

కృష్ణప్రసాద్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, ఆ తరవాత అంతా అర్థమైంది. హాకర్ సెంటర్లో, అంటే ఇక్కడి చవక భోజనశాలలో, బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి భోజనం తెచ్చుకోడానికి వెళితే ఇక ఆ బల్ల జోలికి ఎవరూ రారు. దాన్నే చోప్ చెయ్యడం అంటారు. ఈ దేశంలో పార్లమెంటు చెయ్యకపోయినా అందరూ పాటించే చట్టం అదొక్కటే. దేశం వదిలి వెళ్ళే తెలుగు కుటుంబాల సామాను నెల రోజుల్లో తెలిసినవాళ్ళ ఇళ్ళకే చేరుతుంది. అయితే దుఃఖంలో ఉన్న ఇల్లాలిని 'ఫ్రిజ్ నాకిస్తావా' అని మొహమ్మీద అడగడం ఏం మర్యాద? అందుకని ఎవరికి వాళ్ళు నోరెత్తకుండా కానిచ్చారు. ఫ్రిజ్ మీద ఒక ప్యాకెట్టు. గ్రైండర్ మీద ఒకటి. స్పీకర్ మీద ఒకటి. బాల్కనీలో తులసి కుండీ మీద పసుపుపచ్చ బొమ్మలది ఇంకొకటి.

"తులసమ్మని కూడానా?" అన్నాడు కృష్ణప్రసాద్.

"రేపు నీళ్ళు పోసేవాళ్ళు ఉండాలి కదండీ," అందొకావిడ, ఎంతో ఆప్యాయంగా.

దీక్షిత గదిలోంచి బయటికొచ్చింది. "డాడీ, నా స్టడీ టేబుల్ కూడా ఎవరో చోప్ చేశారు. ఐ స్టిల్ గాట్ ఎగ్జామ్ లా," అంది బడిలో నేర్చిన సింగపూరు ఇంగ్లీషులో.

ఇంతలో కామ్రాన్ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. హైదరాబాద్ కుర్రాడు, కృష్ణప్రసాద్ దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకుని ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. సుభద్ర నుంచి కబురందగానే జురాంగ్ వెస్ట్ నుంచి ద్వీపం ఈ చివరికి బిర్యానీ డేక్సాతో సహా వచ్చాడు.

"అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. నీ సీవీ పొద్దుగాలనే ఇరవై జాగాలకు కొట్టిన. మా కంపెనీల ఇంటర్వ్యూ భీ పెట్టించిన, సోమవారం పది గంటలకు."

"నా సీవీనా? నీకెవరిచ్చారు?"

"వదిన సుభద్ర ఆంటీకి ఇచ్చింది, ఆంటీ నాకిచ్చింది. ఏజెంట్లకు భీ పంపిన అన్నా, ఒక్కణ్ణి ఇడువలే."

ఆ మాట పూర్తయ్యేలోపు కృష్ణప్రసాద్ ఫోను మోగింది. అతని పై అధికారి, లిమ్ మేడమ్. పాసు రెన్యూవల్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే.

"కృష్ణా, ఒక ఏజెంటు మన బ్యాంకులో ఖాళీకి నీ సీవీనే పంపించాడు," అందావిడ ఇంగ్లీషులో, చల్లగా. "నువ్వు వెళ్ళిపోవాలనుకుంటే నాకు చెప్పొచ్చుగా. సోమవారం తొమ్మిదింటికి నా గదికి రా." ఫోను పెట్టేసింది.

పొద్దుటి నుంచి ఊరంతా ఏ ఉద్యోగం కోసం బాధపడిందో ఆ ఉద్యోగం ఇప్పుడు నిజంగానే ఊగడం మొదలుపెట్టింది. కృష్ణప్రసాద్ సోఫాలో కూర్చుండిపోయాడు. సుభద్ర టిష్యూ ప్యాకెట్టుని ఒడుపుగా పక్కకి జరుపుకుంది.

"నా ఉద్యోగం పోలేదు," అన్నాడు అతను, అందరి వంకా చూస్తూ. "పొద్దున పోలేదు. ఇప్పుడు పోయేట్టుంది."

"అలాగే అన్నయ్యగారూ," అంది సుభద్ర, జ్వరమొచ్చినవాడితో మాట్లాడినట్టు. "మరి రైల్లో ఎందుకేడ్చారు?"

"పాట విని."

"ఏ సినిమాలోదండీ?"

"సినిమా కాదు. ఐర్లండు పాట. వాళ్ళ భాషలో."

"అందులో ఏమని ఉంటుంది?"

"నాకు తెలీదు."

ఉద్యోగం పోయిందంటే జాలిపడ్డ కళ్ళు ఇప్పుడు ఇంకోలా చూస్తున్నాయి. లలితకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అర్థం గాని పాటకు ఎవలేడుస్తరన్నా?" అన్నాడు కామ్రాన్, బుజ్జగిస్తూ. "మనసుల ఏమున్నా చెప్పుకో. మా దోస్తు అన్న మంచి డాక్టర్ ఉన్నడు, బయట ఎవలికీ తెల్వది."

ఇక చెప్పి లాభం లేదనుకున్నాడు కృష్ణప్రసాద్. లేచి, స్పీకర్ మీది టిష్యూ ప్యాకెట్టు తీసి పక్కన పడేసి, ఏటా వ్రతం రోజున మాత్రమే నోరు విప్పే ఆ స్పీకర్లో నాలుగో పాట పెట్టాడు.

మొదటి నిమిషం అందరూ మొహమాటానికి తలలూపారు. ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఒకావిడ తాళం వెయ్యబోయి, తాళం దొరక్క మానుకుంది. తరవాత హార్ప్ ఆగింది. ఓర్లా కినెల్లీ ఒక్కతే మిగిలింది. ఆవిడ ఊపిరి తీసుకుంది, చరణాన్ని కిందికి దింపి ఎత్తుకుంది. ఆ గొంతూ ఫ్యాను చప్పుడూ తప్ప ఇంకేమీ వినిపించని ఆ హాల్లో చెప్పుల స్టాండు వైపు నుంచి వెక్కిళ్ళు వినబడ్డాయి.

ఈశ్వరరావు ఏడుస్తున్నాడు. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, టై కొసతో కళ్ళు ఒత్తుకుంటూ, భుజాలు కదిలేలా ఏడుస్తున్నాడు.

కృష్ణప్రసాద్‌కి వెయ్యేనుగుల బలం వచ్చింది. "చూశారా? ఈశ్వరరావుగారూ ఏడుస్తున్నారు. ఆయనకీ భాష రాదు. అంటే ఆయన ఉద్యోగం కూడా పోయినట్టేనా?"

"పోయిందండీ," అన్నాడు ఈశ్వరరావు. "మూడు వారాలైంది."

పాట దానంతట అది అయిపోయి ఐదో పాట మొదలైంది. కృష్ణప్రసాద్‌కి తన నోరు తనే నొక్కేసుకోవాలనిపించింది. సిగ్గుతో స్పీకర్ ఆపేశాడు.

"రోజూ టాంపినీస్ లైబ్రరీలో కూర్చుని వస్తున్నాను," అన్నాడు ఈశ్వరరావు భార్యకేసి చూడకుండా. "నీకు చెప్దామనే అనుకున్నా సుభద్రా. ఇంకో వారంలో గడువు అయిపోతుంది. గ్రూపులో పెట్టేస్తావేమోనని..."

మూడు వారాలుగా తను పొద్దున్నే కట్టిచ్చిన క్యారేజీలు ఆయన ఎక్కడ కూర్చుని తిన్నాడో సుభద్ర అడగలేకపోయింది. తను చోప్ చేసుకున్న సోఫాలో అలాగే కూర్చుండిపోయింది. కృష్ణప్రసాద్ ప్యాకెట్టు చింపి ఒక టిష్యూ తీసి ఆవిడ చేతికిచ్చాడు. అది ఆవిడ ప్యాకెట్టే. ఆ సాయంత్రం ఈశ్వరరావు ఇంటి సామాను గురించి ఎవరికైనా ఆలోచన వచ్చిందో లేదో తెలియదు. వచ్చినా లాభం లేదు, కళ్ళు తుడుచుకోవడానికే టిష్యూలన్నీ అయిపోయాయి.

సోమవారం పదింటి ఇంటర్వ్యూకి ఈశ్వరరావు వెళ్ళాలని కామ్రాన్ అక్కడికక్కడే తేల్చేశాడు. "అంకుల్ డేటాబేస్ ఆద్మీ, మాకు కావాల్సింది గదే," అన్నాడు.

అందరూ వెళ్ళాక లలితకుమారి గిన్నెలు సర్దుతూ అడిగింది. "నిజంగా పాటకేనా?"

"నాన్న గుర్తొస్తారు," అన్నాడు కృష్ణప్రసాద్.

ఆవిడ చేతులు తుడుచుకుని, అతని ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి తన చెవిలో పెట్టుకుంది. రెండు నెలల నుంచి అతను చెప్పకుండా దాచిందానికి రావాల్సిన చీవాట్లు రాలేదు. అతనికి భయం వేసింది, ఎంతో హాయిగా కూడా ఉంది.

సోమవారం తొమ్మిదింటికి లిమ్ మేడమ్ ముందు నిలబడి కృష్ణప్రసాద్ ఉన్నదున్నట్టు చెప్పాడు: రైలు, పాట, సుభద్ర, టిష్యూలు, తులసి కుండీ. ఆవిడ అంతా విని కళ్ళద్దాలు తీసింది.

"పదిహేనేళ్ళ నుంచి రాజీనామాలకి సాకులు వింటున్నాను. ఇలాంటిది వినలేదు," అంది. "ఆ పాట నాకు పంపు. విన్నాక నీ కాగితం సంగతి చూస్తాను."

పంపాడు. ఆ పూటంతా అతనికి కాలూ చెయ్యీ ఆడలేదు. దీక్షిత పరీక్షలూ, ఇల్లూ, సంసారమూ ఇప్పుడు ఓర్లా కినెల్లీ తీసే ఒక్క ఊపిరి మీద వేలాడుతున్నాయి. పన్నెండున్నరకి ఈశ్వరరావు దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది: ఉద్యోగం ఇచ్చారు, సుభద్ర ఇంకా గ్రూపులో పెట్టలేదు. మూడున్నరకి లిమ్ మేడమ్ గది కర్టెన్లు మూసుకున్నాయి.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు ఇంకా ఎర్రగా ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి వచ్చి, సంతకం పెట్టిన కాగితం కృష్ణప్రసాద్ బల్ల మీద ఉంచి, వాష్‌రూమ్ వైపు వెళ్ళిపోయింది. అంతస్తులో ఉన్న ఇరవై ముగ్గురూ ఆ కళ్ళు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆవిడ తిరిగి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో ఒక టిష్యూ ప్యాకెట్టు ఉంది.