కొప్పు పిన్నూ, మూడు మెరుపులూ

ఇలా రా, దగ్గరగా కూర్చో. చేతిలో ఉన్నది పక్కన పెట్టు, ఇది సగం చెవితో వినే సంగతి కాదు. ఒక ఇంట్లో ఒక నర్సు, ఆమె మొగుడు, మామగారు ఉండేవారు. మొగుడిది గడియారాల రిపేరు. మామగారు తంతి ఆఫీసులో టక్కుటక్కుమంటూ ఊళ్ల కబుర్లన్నీ అటూ ఇటూ పంపించి రిటైరైన మనిషి.

ఆ పొద్దున్న ఏర్పాటు చాలా చిన్నది. పది గంటలకు నర్సుకు బండి లైసెన్సు పరీక్ష. అప్పటికే రెండుసార్లు తప్పింది. ఇళ్లకు వెళ్లి రోగులకు కట్లు కట్టే ఉద్యోగమొకటి ఆసుపత్రిలో ఖాళీగా ఉంది. సాయంత్రంలోగా లైసెన్సు చూపిస్తే ఆమెది, లేకపోతే ఇంకో అమ్మాయిది. ఏడున్నరకల్లా కొప్పు బిగించి ముడుచుకుని బండి బటన్ నొక్కింది. బండి కిక్కురుమనలేదు. మీటరు మీద పసుపు దీపం మాత్రం వెలిగింది.

ఇది తన నిర్వాకమే అనుకుందామె. ఎందుకంటే ముందురోజు సాయంత్రం, మొగుడు కొట్లో ఉండగా, సందు చివర ఎనిమిది అంకె తిప్పడం నేర్చుకుంటూ బండిని దభేలున పడేసింది. దుమ్ము కొంగుతో తుడిచి, ఏమీ ఎరగనట్టు తెచ్చి నిలబెట్టింది. ఆ బండంటే ఆయనకు ప్రాణం. ఆమెకన్నా ఆరేళ్ల ముందు ఆ ఇంటికి వచ్చింది మరి.

మెకానిక్కును పిలుద్దామంటే ఆయనకు పౌరుషం వచ్చింది. గోరంత గడియారాల గుట్టు విప్పేవాడు బండికి జంకుతాడా? పాత పుస్తకంలోంచి జిరాక్సు తీయించిన కాగితం తెచ్చాడు.

"ఈ బళ్ల కడుపునొప్పి అవే చెప్పుకుంటాయి. సీటు కింద ఈ రెండు తీగలూ కలిపితే దీపం మెరుస్తుంది. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. ఏదీ, నీ కొప్పులో పిన్ను ఇటియ్యి."

ఇచ్చేదాకా ఆగలేదు, లాగేశాడు. కొప్పు సగం జారింది. ఆయన వెనక సీటు కింద తల దూర్చి, రెండు చేతులతో పిన్ను పట్టుకున్నాడు. దీపం ముందు వైపు ఉంది కాబట్టి చూసి చెప్పే పని ఆమెకు పడింది. దీపం మూడుసార్లు పొడుగ్గా మెరిసి ఆగింది. ఆమె కాగితం మీద వేలు పెట్టి చూసుకుంది. ముప్పై అంకె పక్కన ఉన్న మాట ఇది: బండి కింద పడింది.

"ఎన్నే?"

"రెండు," అంది, కాగితం మీంచి వేలు తీసేస్తూ.

ఇరవై అంటే గాలి వెళ్లే దారి. ఆయన గాలి డబ్బా ఊడదీసి, కడిగి, ఆరబెట్టి బిగించేసరికి ఎనిమిదిన్నర దాటింది. బండి బెల్లంకొట్టిన రాయిలా ఉంది. మళ్లీ పిన్ను. మళ్లీ మూడే. రెండన్న మాట మళ్లీ అనలేక, నాలుగంది.

"ఇందాక రెండన్నావుగా?"

"జ్వరం పెరగదా ఏంటండీ? ముదిరింది."

నర్సు మాట కదా, నమ్మాడు. నలభై అంటే పెట్రోలు పంపు. ట్యాంకు దిగి బట్టల తొట్టిలో కూర్చుంది. పంపు చూస్తే నిక్షేపంగా ఉంది. మొదటి పిన్ను వంకరపోయిందని రెండోది కూడా లాగాడు, కొప్పు పూర్తిగా వీపు మీదికి దిగింది. ఈసారి పిన్ను ఆమెను పట్టుకోమని, తనే దీపం ముందు నిలబడ్డాడు. అయిపోయింది నా పని అనుకుందామె.

ఆయన దీపం చూశాడు. కాగితం చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"నాలుగే," అన్నాడు. "నువ్వు చెప్పిందే నిజం."

 ఆయనకు అంతా తెలిసిపోయిందనీ, తన నోటితోనే చెప్పించాలని చూస్తున్నాడనీ ఆమె అనుకుంది. ఆయన తలెత్తకుండా ఇంకో మర వెతుక్కుంటున్నాడు. గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఇంకో మర ఊడితే ఉద్యోగం ఊడినట్టే.

"ఇక ఆపండి. అవి మూడు. మొదటినుంచీ మూడే. నిన్న సాయంత్రం నేనే పడేశాను."

ఆయన కోపగించుకోలేదు. తొట్టి అంచు మీద కూలబడ్డాడు.

"నిన్న సాయంత్రమా? నేను ఇవాళ తెల్లారి పడేశాను. నీ పరీక్షకని పెట్రోలు పోయించుకొద్దామని వెళ్లి, బంకు మలుపులో. తోసుకుంటూ తెచ్చాను. సీటు కింద ఏదో డబ్బా వేలాడుతుంటే బిగించాను కూడా."

అప్పుడు వరండాలో పడక్కుర్చీ కదిలింది. "మూడని నాకు మొదటిసారే తెలుసు," అన్నారు మామగారు. కిటికీ అద్దంలో ఆ దీపం నీడ పొద్దుటినుంచీ ఆయనకు కనిపిస్తూనే ఉందట.

"మరి చెప్పలేదేం నాన్నా?"

"ఒకళ్లకొచ్చిన తంతి ఇంకొకళ్లు పైకి చదవకూడదురా. ఉద్యోగధర్మం. ఆ డబ్బా మీద బాణం గుర్తేమైనా ఉందేమో చూడు."

ఉంది. పైకి ఉండాల్సిన బాణం నేల చూస్తోంది. బండి పడితే కనిపెట్టే డబ్బా అదే. గడియారాల ఆయన దాన్ని తలకిందులుగా బిగించాడు, అందుకే శుభ్రంగా నిలబడి ఉన్న బండి తాను పడిపోయాననుకుంటోంది. బాణం పైకి తిప్పి, ఊడదీసినవన్నీ ఎక్కించేసరికి తొమ్మిదిన్నర దాటింది. బటన్ నొక్కగానే బండి లేచి కూర్చుంది.

నేర్చుకునేవాళ్ల వెనక తోడు ఉండాలి కాబట్టి ఆయన వెనకెక్కాడు. విరబోసుకున్న జుట్టు మీదే హెల్మెట్ పెట్టుకుని, ఆమె పదికి అయిదు నిమిషాల ముందు పరీక్ష చోటికి చేరింది. ఎనిమిది అంకెను కాలు నేలకు తగలకుండా తిప్పింది. పడాల్సిన పాట్లన్నీ ఇంటి దగ్గరే పడింది, ఇక భయమెక్కడిది? ఆఫీసరు సంతకం పెట్టి, తోడొచ్చిన వారి లైసెన్సు కూడా ఓసారి చూపించమన్నాడు. చూస్తే దాని గడువు తీరి రెండేళ్లయింది.

సాయంత్రం ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆయనకు పరీక్ష తేదీ వచ్చింది. అందాకా రోజూ ఆమే ఆయన్ను కొట్టు దగ్గర దింపి, రోగుల ఇళ్లకు వెళ్లేది.

ఇది గుర్తుపెట్టుకో, నీ తర్వాతవాళ్లకు చెప్పు. ఎక్కడైనా కాస్త ఉప్పూకారం వేసుకున్నా ఏమీ అనను. అంకె మాత్రం మార్చకు, మూడే. నువ్వు నాలుగన్నావంటే పాపం ఎవరో ట్యాంకు దించుకోవాలి.